నీళ్లు తాగే టైమైంది

అమ్మ సంచి సర్దుతోంది. సర్దుతోంది అనేకంటే, సర్దినదాన్ని మళ్లీ పీకుతోంది అంటే సరిపోతుంది. మడతపెట్టిన బట్టలు లోపల పెడుతుంది, జిప్పు సగం దాకా లాగుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి అన్నీ మంచం మీద పరిచేస్తుంది. పొద్దున్నుంచీ ఇదే వరస.

"అమ్మా, బస్సు వెళ్లిపోయాక సంచి పార్సిల్లో పంపిస్తావా ఏంటి?" అంది కూతురు, గుమ్మానికి చేరబడి.

"తువ్వాళ్లు రెండు పెట్టాను. ఒకటి తడిస్తే ఇంకోటి."

"రెండూ తడిస్తే?"

"వెటకారం తగ్గించు. తలనొప్పి మాత్రలు పైన. దుప్పటి అడుగున."

"నన్ను కూడా మడతపెట్టి మధ్యలో పెట్టెయ్. జాగ్రత్తగా చేరతాను."

అమ్మ నవ్వలేదు. అమ్మ నర్సు. పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి సెలైన్ సీసాల కింద నిలబడి చుక్కలు చూసిన మనిషి. వంట్లో నీరు తగ్గితే మనిషి ఏమవుతాడో ఆవిడకి బాగా తెలుసు. ఆ సంగతి ఆసుపత్రిలోనే తెలిసిందా, అంతకుముందే తెలుసా అన్నది మాత్రం ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. గోడ మీద నాన్న ఫోటో ఉంది. దుమ్ము తుడుస్తారు, అంతే.

అన్నీ సర్దడం అయ్యాక అమ్మ బీరువాలోంచి ఓ అట్టపెట్టె తీసింది. అందులో ఓ తెల్లటి సీసా. అడుగున గాజులా గుండ్రంగా ఓ దీపం.

"స్మార్ట్ బాటిల్. నువ్వు ఎప్పుడు తాగావో, ఎంత తాగావో అన్నీ నా ఫోన్‌కి చెప్తుంది. సరిగ్గా తాగితే నీలం. బద్ధకిస్తే పసుపు. తాగకపోతే ఎరుపు. మరీ మర్చిపోతే నోరు తెరిచి పిలుస్తుంది కూడా."

"పెళ్లి కాకుండానే అత్తగారిని తెచ్చిపెట్టావు కదమ్మా!"

"నవ్వుకో. కానీ మాట విను. ఏ రోజైనా సాయంత్రానికి ఇది ఎర్రగా కనిపించిందనుకో, మర్నాటి బస్సులో నేను దిగుతాను. నిన్నూ నీ సంచినీ తీసుకొచ్చేస్తాను. ఇంక ఉద్యోగం లేదు, సద్యోగం లేదు."

"నాకు ఇరవైమూడేళ్లమ్మా."

"అయితే? పెద్దయ్యావని దాహం వెయ్యడం మానేస్తుందా?"

కూతురు సీసా అందుకుని సంచి పక్క జేబులో గుచ్చింది. గడ్డం పైకెత్తింది. ఆ గడ్డం అలా లేచిందంటే ఇంక బ్రహ్మ దిగొచ్చినా వినదని అమ్మకి తెలుసు.

"పందెం. ఇది ఎర్రబడదు. నన్ను తీసుకెళ్లడానికి నువ్వు బస్సెక్కే రోజు రాదు."

బయట తొలకరి జల్లు పడుతోంది. అమ్మ గొడుగు పట్టుకుని బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలాక కూడా ఆ గొడుగు కదల్లేదు.

*

ఉద్యోగం బస్ స్టేషన్లో అనౌన్సరు. మేడ మీద అద్దాల గది, ఓ మైకు, తిరగనా మాననా అని ఆలోచించే ఫ్యాను. గదికి అటు పక్క అద్దం వెనకాల పోయిన వస్తువుల గది. గొడుగులు, చెప్పులు, కళ్లజోళ్లు, ఓ చెక్క ఏనుగు, వాటన్నిటి మధ్యా ఓ కుర్రాడు. వస్తువు దొరికితే చీటీ రాసి అద్దం కింది సందులోంచి ఇటు తోస్తాడు. ఈమె మైకులో చదవాలి.

మొదటి రోజు మొదటి చీటీ వచ్చింది. ముందు చదువుకోకుండానే మైకు నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. ఒక నల్ల గొడుగు దొరికినది. ఒక పుల్ల విరిగినది. యజమాని మీద... అలిగినట్టున్నది."

కింద స్టేషనంతా గొల్లుమంది. ఆమె చెంపలు వేడెక్కాయి. అద్దం అవతల కుర్రాడు తల వంచుకుని చెక్క ఏనుగును తుడుస్తున్నాడు. ఏనుగు తళతళలాడుతోంది. ఇంకా తుడుస్తున్నాడు.

"ఏమండీ!" అద్దం మీద టకటకా కొట్టింది. "ఇదేం రాత?"

"ఉన్నదున్నట్టు రాశానండీ. గొడుగుని చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది."

"ఇంకోసారి ఇలా రాస్తే మిమ్మల్నే పోయిన వస్తువని చదువుతాను."

"ఎవరూ రారండీ తీసుకెళ్లడానికి," అన్నాడు, దిగులు లేకుండా.

ఆమె నవ్వు ఆపుకుని మళ్లీ మైకు నొక్కింది. సరిగ్గా అప్పుడే బల్ల మీది సీసా అడుగున పసుపు దీపం వెలిగింది. తేనెలో ముంచిన గొంతు ఒకటి మైకులోంచి స్టేషన్ నలుమూలలా మోగింది.

"నీళ్లు తాగే టైమైంది! ఒక్క గుక్క తాగుదామా?"

కింద బెంచీల మీద జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఓ ముసలాయన బుద్ధిగా సంచిలోంచి చెంబు తీశాడు. ఆయన్ని చూసి పక్కావిడ, ఆవిడని చూసి పిల్లలు. స్టేషన్ మొత్తం నీళ్లు తాగింది. ఆమె తప్ప.

ఎందుకు తాగలేదంటే, అంతకుముందే కింద టికెట్ల కౌంటరు అక్క ఓ మాట చెప్పింది. "ఇక్కడ మనం పొద్దున తాగి వస్తాం, సాయంత్రం ఇంటికెళ్లి తాగుతాం. మధ్యలో నీళ్ల మాటెత్తకు చెల్లీ." ఆడ ఉద్యోగులకి మరుగుదొడ్డి ఒక్కటే. దానికి తాళం. ఆ తాళం చెవి మేనేజరు డ్రాయరులో. కావాలన్న వాళ్లు ఆయన గదికెళ్లి, టీ తాగుతున్న డ్రైవర్ల ఎదుట నిలబడి అడగాలి.

ఆమె అడిగింది. మొదటి రోజు కాబట్టి ధైర్యంగానే అడిగింది.

"వచ్చి గంట కాలేదు, అప్పుడేనా?" అన్నాడు మేనేజరు, చెవిని వేలికి తగిలించి గిరగిరా తిప్పుతూ. డ్రైవర్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు.

అంతే. ఆమె మళ్లీ అడగలేదు. నీళ్లూ తాగలేదు. సంగతి అమ్మకి చెబితే "అలాంటి చోట నీకు ఉద్యోగమేంటే" అని ఆ సాయంత్రమే బస్సెక్కేస్తుంది. సీసా గొంతు నొక్కే మీట కూడా అమ్మ ఫోన్లోనే ఉంది. అటు అమ్మ, ఇటు మేనేజరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో అత్తగారిలా ఈ సీసా.

కిటికీ గట్టు మీద ఓ పూలకుండీ కనిపించింది. సీసా వంచింది. కుండీ గటగటా తాగింది. దీపం నీలంగా మారింది. ఆ సాయంత్రం అమ్మ ఫోన్లో మురిసిపోయింది. "బంగారు తల్లీ! ఎంత బాగా తాగావే!"

*

వారం తిరక్కుండా పోయిన వస్తువుల కుర్రాడు, ఆమె రాకముందే గట్టు మీంచి తీసిన కుండీని చంకనేసుకుని అద్దాల గది తలుపు తోశాడు. ఆకులన్నీ పండుబారి వేలాడుతున్నాయి.

"ఇది హత్య," అన్నాడు.

"ఏంటి?"

"వేళ్లు కుళ్లిపోయాయి. చెరువులో కూర్చోబెట్టినట్టుంది. దీన్ని ఎవరో బస్సులో మర్చిపోయారు. వస్తారేమోనని రెండేళ్లుగా పెంచుతున్నాను. వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్పను? 'మీ మొక్క మునిగిపోయిందండీ' అనా?"

"ఎండకి పోయిందేమో."

"వానాకాలంలోనా?"

సరిగ్గా అప్పుడే సీసా పలికింది. "నీళ్లు తాగే టైమైంది!" ఆమె చెయ్యి అలవాటు ప్రకారం సీసా తీసుకుని కిటికీ గట్టు వైపు సాగింది. అక్కడ కుండీ లేదు. కుండీ అతని చంకలో ఉంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అతను సీసాని చూశాడు. కుండీని చూశాడు. ఆమెని చూశాడు.

"దొరికారు," అన్నాడు.

"అయితే ఏంటట?" గడ్డం లేచింది. "పోలీసుల్ని పిలుస్తారా? పిలవండి. కానీ ముందు ఆ తాళం చెవి ఎవరి డ్రాయర్లో ఉందో కూడా రాసుకోమనండి." అని మొదలుపెట్టి, అమ్మ పందెం, మేనేజరు వేలు, డ్రైవరు నవ్వు అన్నీ ఏకబిగిన చెప్పేసింది. చెప్పాక ఇంత ఎందుకు చెప్పానా అనుకుంది.

అతను నవ్వలేదు. కుండీ కింద పెట్టాడు. కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"మొక్క తాగలేదు కానీ... నేను తాగగలను కదండీ. మగవాళ్ల మరుగుదొడ్డికి తాళం లేదు."

ఆ రోజు నుంచి అద్దం కింది సందులోంచి చీటీలు ఇటు వచ్చేవి, సీసా అటు వెళ్లేది. సందు చిన్నది కాబట్టి సీసాని పడుకోబెట్టి తొయ్యాలి. తోసేటప్పుడు వేళ్లు తగిలేవి. మొదట్లో 'సారీ' అనుకునేవారు. తర్వాత అనుకోవడం మానేశారు.

"ఏమైంది ఇతనికి? కాళ్లకి చక్రాలు కట్టుకున్నట్టు మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు," అని టికెట్ల అక్క బుగ్గలు నొక్కుకుంది. "ఒరేయ్ పోయినోడా! షుగరేమో చూపించుకో!"

అదీ అతని పేరు. పోయిన వస్తువుల గదిలో ఉంటాడు కాబట్టి స్టేషనంతా అతన్ని పోయినోడనే పిలిచేది. ఆమెకి ఆ పేరుతో పిలవడానికి నోరు రాలేదు. "ఏమండీ" అంది కొన్నాళ్లు. ఆ తర్వాత "ఇదిగో" అంది. "ఇదిగో"కి వచ్చేసిందంటే ఇంక చెప్పేదేముంది.

చీటీల తీరు కూడా మారింది. 'ఒక ఎర్ర చెప్పు. జత కోసం చూస్తోంది.' 'ఒక కళ్లజోడు. ఇది లేక యజమాని ఎదురుగా ఉన్నవాళ్లని కూడా చూడలేకపోతున్నారేమో.' ఆమె ఇప్పుడు ముందుగా చదువుకుని, సగం కొట్టేసి మైకులో చెప్పేది. కొట్టేసిన సగాలు మాత్రం పారెయ్యలేదు.

అమ్మ ఫోన్ రోజూ నీలంగానే ఉంది. కానీ ఆమె నీలంగా లేదు. గొంతు బొంగురుపోయింది. పెదవులు పగిలాయి. నడుము దగ్గర ఓ నొప్పి మొదలై, అద్దాల గదిలో ఉక్కపోత పెరిగినకొద్దీ సూదిలా గుచ్చేది. ఓ మధ్యాహ్నం మైకు ముందు మాట ఆగిపోయి, బల్ల పట్టుకుని కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి సీసా తన ముందే ఉంది. నిండుగా. అతను తాగకుండా వెనక్కి తోసేశాడు.

"ఇదేంటి?"

"ఇంక నేను తాగను."

"నీకు విసుగొచ్చిందా? ఆ మాట చెప్పొచ్చుగా. ఎవరి మీదా ఆధారపడకూడదని అనుకుంటూనే ఉన్నాను."

"విసుగా! మీ అమ్మగారిని మోసం చెయ్యడానికి ఒప్పుకున్నాను. నిన్ను ఎండబెట్టడానికి ఒప్పుకోలేదు. సీసా నీలంగా ఉంది, నువ్వు ఎర్రగా ఉన్నావు. ఎవరి రంగు చూడమంటావు నన్ను?"

ఆమె అతని వైపు తిరిగింది. అద్దంలో తన మొహం కనిపించింది. పందెం ఎవరితో కాశాను, ఎవరికి ఓడిపోతున్నాను? అమ్మకి కాదు. వేలికి తాళం చెవి తిప్పే ఆ మనిషికి.

సీసా ఎత్తింది. సగం దాకా గటగటా తాగేసింది. ఇన్నాళ్లకి మొదటిసారి. చేత్తో మూతి తుడుచుకుని కిందకి దిగి, మేనేజరు గది తలుపు తీసి అడిగింది.

"మళ్లీనా?" అన్నాడాయన.

"మళ్లీ ఏంటి సార్? మొదటి రోజు తర్వాత ఇదే."

"అంటే అది లేకపోయినా గడిచిందనేగా? వెళ్లు. మైకు వదిలేసి తిరక్కు."

ఆమె మెట్లెక్కి వచ్చింది. అద్దం దగ్గర వంగింది.

"ఇదిగో. పోయిన వస్తువు ఒకటి చెప్పాలి. చీటీ రాస్తావా?"

అతను ఆమె కళ్లలోకి చూశాడు. ఏ వస్తువని అడగలేదు. రాసి తోశాడు. ఈసారి ఆమె ఒక్క ముక్క కొట్టెయ్యలేదు.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. ఒక తాళం చెవి పోయినది. ఇది ఈ స్టేషన్లో పనిచేసే ఆడవాళ్ల మరుగుదొడ్డిది. చివరిసారిగా మేనేజరు గారి డ్రాయరులో కనిపించినది. ఇది లేక ఇక్కడి ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేసినారు. దొరికినవారు పోయిన వస్తువుల గదిలో అప్పగించగలరు. అప్పటిదాకా ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో ఈ మైకు చెప్పదు."

కింద జనం మేడ వైపు తలెత్తారు. తర్వాత టికెట్ల కౌంటర్లో దబ్బుమని ఓ షట్టరు పడింది. దాని పక్కది కూడా. అక్క బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మేనేజరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. "నీకు పిచ్చెక్కిందా? ఉద్యోగం ఊడుతుంది, తెలుసా!"

"తెలుసు సార్."

"ఏంటీ గోల? కాసేపు ఆపుకోలేరా? ఆడవాళ్లు నాలుగ్గంటలు నీళ్లు తాగకపోతే చస్తారా?"

మైకు కట్టెయ్యలేదని ఆయన చూసుకోలేదు. ఆ మాట స్టేషన్ నలుమూలలా మోగింది.

గమనిక చదివేటప్పుడే వచ్చి ఆగిన బస్సులోంచి దిగుతున్న ఓ పెద్దావిడ ఆ మాట కూడా విన్నది. చేతిలో చిన్న సంచి. ఒక్క క్షణం మెట్టు మీదే ఆగి, చువ్వ పట్టుకుంది. తర్వాత జనాన్ని తప్పించుకుంటూ మేడ మెట్లెక్కింది.

"చస్తారు," అంది, తలుపు దగ్గర నిలబడి.

మేనేజరు వెనక్కి తిరిగాడు. "మీరెవరు?"

"నర్సుని. నీళ్లు లేకపోతే చస్తారు. మగవాళ్లయినా చస్తారు. నేను చూశాను." అరవలేదు. వార్డులో మాట్లాడినట్టే మాట్లాడింది. అదీ మైకులో వెళ్లింది. "చెవి ఇవ్వండి."

మేడ మెట్ల మీద టికెట్ల అక్క, ఆవిడ వెనక ఊడ్చే ఆమె, ఆమె వెనక ఎవరో ప్రయాణికురాళ్లు వరస కట్టేశారు. మేనేజరు వచ్చేటప్పుడు డ్రాయరులోంచి తీసి జేబులో వేసుకున్న చెవిని బయటికి తీశాడు. నర్సమ్మ అందుకోలేదు, అద్దం అవతలికి చెయ్యి చూపింది. అనౌన్స్‌మెంట్ ప్రకారం అప్పగించాల్సింది అక్కడ కదా.

కుర్రాడు చెవి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వస్తువు చేరింది సార్. ఇది ఎవరిది?"

"నాదే!"

"మీరు వాడతారా సార్ ఆ గది?"

ఈసారి డ్రైవర్లు కూడా నవ్వారు. నవ్వింది మాత్రం ఆమెని చూసి కాదు.

"మాది," అంది టికెట్ల అక్క, చెయ్యి చాపి. చెవి ఆ చేతిలో పడింది. సాయంత్రానికి ఆ తలుపుకి తాళమే లేదు. ఉద్యోగం ఊడుతుందన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే షట్టర్లు మళ్లీ పడతాయని అక్క చెప్పి మరీ వెళ్లింది.

*

"ఎర్రబడలేదుగా! ఎందుకొచ్చావు?" అంది కూతురు. గొంతు గట్టిగానే ఉంది, కళ్లే వినలేదు.

అమ్మ కూతురి అరచెయ్యి తిప్పి, వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. నీరు తగ్గిన చర్మం అలాగే లేచి నిలబడింది.

"నువ్వు పిచ్చుకలా కాస్త కాస్త తాగుతావు. చిన్నప్పట్నుంచీ అంతే. ఫోన్లో చూస్తే ఒక్కో గుక్కకి పావు సీసా ఖాళీ. ఏదో దున్నపోతు తాగుతోందనుకున్నాను."

"నేనేనండీ," అన్నాడు కుర్రాడు గుమ్మంలోంచి.

అమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వెవరు?"

"పోయినోడు అంటారు," అంది మెట్ల మీంచి టికెట్ల అక్క సాయంగా.

అమ్మ మొహం పాలిపోయింది. "బతికున్న మనిషినా? ఛ! ఇంకెవరూ అలా పిలవకండి." కుర్చీలో కూలబడింది. "సంచి సర్దుకోవే. వెళ్దాం."

"రాను."

"మీ నాన్న లారీ ఎక్కిన రోజు కూడా నేనే సంచి సర్దాను. లారీ మలుపు తిరిగాక చూశాను, నీళ్ల సీసా గడప మీదే ఉంది. నడివేసవి. దారిలో బండి ఆగిపోయింది. చుట్టూ మనిషన్నవాడు లేడు..." అమ్మ ఆగింది. ఇన్నేళ్లలో ఇంత మాట అనడం ఇదే మొదలు.

కూతురు అమ్మ ముందు గొంతుక్కూర్చుంది. "నాన్న వెళ్లి రాలేదని, నేను వెళ్లకూడదామ్మా? ఇక్కడ ఇవాళ ఓ తలుపు తెరుచుకుంది. తెరిపించి పారిపోతానా? నేను రాను. నువ్వు లాక్కెళ్లినా మర్నాడు తిరిగొచ్చేస్తాను."

కుర్రాడు ఓ గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"మీరు పొద్దున్నుంచి తాగారా అండీ?"

అమ్మ గ్లాసు వైపు చూసింది. బస్సు మధ్యలో ఎక్కడాగుతుందో, ఆగిన చోట ఏముంటుందో తెలియక, బయల్దేరినప్పట్నుంచీ చుక్క ముట్టలేదు. ఆసుపత్రి డ్యూటీలోనూ అంతేనని ఆవిడ చెప్పలేదు. పెదవులు చెప్పాయి.

"అమ్మా!" కూతురు అమ్మ చెయ్యి తిప్పి, వెనక చర్మం పట్టి వదిలింది. అదీ అలాగే నిలబడింది.

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందు అమ్మే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లొత్తుకుని గ్లాసు ఖాళీ చేసింది.

"సంచి ఇలా ఇవ్వు," అంది కూతురు. తెల్ల సీసాని అమ్మ సంచి పక్క జేబులో గుచ్చి, అమ్మ ఫోన్ తీసుకుని మీటలు అటుదిటు చేసింది. "ఇవాళ్టి నుంచి ఇది నీది. కబురు నా ఫోన్‌కొస్తుంది. సాయంత్రానికి ఎర్రబడిందో, మర్నాటి బస్సులో దిగుతాను."

"మరి నీకెవరు గుర్తు చేస్తారే?"

కూతురి గడ్డం లేచింది. ఈసారి చెవులు కూడా ఎర్రబడ్డాయి. "నాకు మనిషున్నాడు," అంది అద్దం వైపు చూపించి. "నువ్వు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే."

కుర్రాడి చేతిలోంచి చెక్క ఏనుగు జారి కింద పడింది.

"ఒప్పుకోనని ఎవరన్నారు?" అంది అమ్మ. "దొరికినోడిని వదులుకోమంటానా? ఏం బాబూ, రోజూ నా కూతురి వాటా అంతా తాగావుగా. ఇంక నుంచి దాని వాటా దాన్ని తాగనిస్తావా?"

"ఎదురుగా కూర్చుని తాగిస్తానండీ."

ఆ సాయంత్రం వాన బాగా పట్టింది. అమ్మ ఎక్కిన బస్సు గురించి మైకులో చెబుతూ అనౌన్సరు ఊరి పేరు రెండుసార్లు చదివింది. బస్సు కిటికీలోంచి తెల్ల సీసా ఒకటి పైకి లేచింది. అడుగున నీలం దీపం మలుపు తిరిగేదాకా కనిపించింది.

పెళ్లి మరుసటి ఏడు జరిగింది. మొక్కని పారేయబోతే మొదలు దగ్గర చిన్న చిగురు కనిపించిందట, ఆ కుండీ ఇప్పుడు వాళ్ల వంటింటి కిటికీలో ఉంది. దాని కోసం ఎవరూ రాలేదు. అమ్మని చూడటానికి ఇద్దరూ తరచూ వెళ్లి, నాలుగు రోజులుండి తిరిగొచ్చేవాళ్లు.

ఆ ఇంట్లోంచి అమ్మ సర్దిన సంచితో వెళ్లి, మళ్లీ ఉండటానికి రానివాళ్లు ఇద్దరు. నాన్న, కూతురికి ఆరేళ్లప్పుడు, నడివేసవిలో. కూతురు, ఇరవైమూడేళ్లప్పుడు, తొలకరిలో.